ఎడమ చెవి రానంది

అండమాన్ నుంచి తిరిగి వచ్చిన దగ్గర్నుంచీ నన్ను పలకరించినవాళ్ళందరిదీ ఒకటే ప్రశ్న: "సొరచేప కనిపించిందా?" హాస్టలు మెస్సులో వడ్డించే పెద్దాయన మొదలుకొని డిపార్టుమెంటు అటెండరు దాకా అందరికీ సొరచేపే కావాలి. కనిపించలేదంటే, పాపం, నాకన్నా వాళ్ళకే ఎక్కువ నిరాశ. సముద్రంలో ప్రమాదమంటూ వస్తే అది కోరపళ్ళతోనే వస్తుందని మనకు సినిమాలు నేర్పి పెట్టాయి. కాని స్కూబా డైవింగ్ నేర్చుకుందామని నీళ్ళలోకి దిగేవాడికి మొట్టమొదట ఎదురయ్యే శత్రువుకు పళ్ళూ లేవు, మొప్పలూ లేవు. అది మన తలలోనే ఉంది. చెవికీ ముక్కుకీ మధ్య, సుమారు మూడున్నర సెంటీమీటర్ల పొడవున. దాని సంగతి ఇంతవరకు నన్ను ఒక్కరూ అడగలేదు. అడక్కపోయినా చెబుదామని ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను.

భారతంలో దుర్యోధనుడు మడుగులో దాక్కున్నాడు. ఆయనకు జలస్తంభన విద్య వచ్చు గనక నీళ్ళు ఆయన్ని ఏమీ చేయలేదు. ఒడ్డున నిలబడి పాండవులు ఆడిన సూటిపోటి మాటలకు రోషం పుట్టుకొచ్చి బయటికి వచ్చాడంటే, అంత లోతులోనూ ఆయన చెవులు దివ్యంగా పనిచేశాయన్నమాట! చిన్నప్పుడు ఈ కథ వింటూ ఊపిరి ఎలా పీల్చాడా అని ఆశ్చర్యపోయేదాన్ని. ఇప్పుడు చెవులు ఎలా కాపాడుకున్నాడా అని ఆశ్చర్యపోతున్నాను. ఊపిరి సమస్యను కూస్తో, గాన్యాన్ అనే ఇద్దరు ఫ్రెంచివాళ్ళు 1943లోనే తీర్చేశారు. సిలిండరులో గాలి, నోట్లో రెగ్యులేటరు, ఎంత లోతుకు పోతే అంత ఒత్తిడితో గాలి తనంతట తానే అందుతుంది. ఊపిరితిత్తులకు ఏ బాధా లేదు. చెవికి మాత్రం ఇంతవరకు యంత్రం ఎవరూ కనిపెట్టలేదు. ఎవరి చెవి వాళ్ళే తెరుచుకోవాలి.

హైస్కూల్లో చెవి బొమ్మ గీసి భాగాలు గుర్తించినవాళ్ళకు కూటకం, దాగలి, అంకవన్నె అనే మూడు బుల్లి ఎముకలు జ్ఞాపకం ఉండే ఉంటాయి. పరీక్షలో రెండు మార్కులు. ఆ మూడూ కాపురముండే గది పేరు మధ్య చెవి. గదికి ఒకవైపు గోడ కర్ణభేరి, దాని మందం మిల్లీమీటరులో పదోవంతు. గది నిండా గాలి. ఆ గాలికి బయటి ప్రపంచంతో సంబంధం కలిపే దారి ఒక్కటే: ముక్కు వెనకభాగం దాకా దిగే సన్నటి గొట్టం. యూస్టేషియన్ నాళం అంటారు. దాని ముక్కువైపు తలుపు ఎప్పుడూ మూసే ఉంటుంది. గుటక వేసినప్పుడో ఆవలించినప్పుడో క్షణం సేపు తెరుచుకొని మళ్ళీ మూసుకుంటుంది. క్లాసులో మనం అన్ని ఆవలింతలు ఆవలిస్తామే, ఒక్కటీ వృథా పోలేదని లెక్చరర్లు గ్రహించాలి.

విశాఖపట్నం నుంచి అరకు రైలెక్కినవాళ్ళకు ఈ తలుపు సంగతి తెలియకుండానే తెలుసు. సొరంగాలు దాటుకుంటూ పైకి పోతూ ఉంటే చెవుల్లో 'టప్' మంటుంది. దిగి వచ్చేటప్పుడు చెవులు గుయ్యిమని మూసుకుపోయి, శనగలు నములుతుంటే విడిపోతాయి. సముద్రమట్టం నుంచి అరకు ఎత్తు సుమారు 900 మీటర్లు. ఆ కొండ మీంచి కిందికి వస్తే గాలి ఒత్తిడి ఎంత పెరుగుతుందో, సముద్రంలో ఒక్క మీటరు లోతుకు దిగితే ఇంచుమించు అంత పెరుగుతుంది. రైలుకు పట్టే నాలుగ్గంటల పనిని డైవరు రెండు మూడు సెకన్లలో చేస్తాడు. మూడు మీటర్లు దిగితే మూడుసార్లు అరకు మీంచి దూకినట్టు. అప్పటికి కర్ణభేరి మీద పడే బరువు 150 గ్రాముల పైమాటే. చేతిలో పెట్టుకుంటే ఏమీ అనిపించదు. కాగితం మందం చర్మం మీద, అందులోనూ మన శరీరంలోకెల్లా సున్నితమైన చోట పెట్టి చూడండి!

ఇంకో విచిత్రం ఏమిటంటే లోతుకు పోయేకొద్దీ ఈ బాధ తగ్గుతుంది. బాయిల్ నియమం తెలిసినవాళ్ళు లెక్క వేసుకోవచ్చు. నీటిపై ఒక వంతు ఒత్తిడి ఉంటే 10 మీటర్ల దగ్గర రెండు వంతులు, 20 మీటర్ల దగ్గర మూడు. అంటే మొదటి పది మీటర్లలో చెవిలో గాలి సగానికి కుంచించుకుపోతుంది. ఆ తరవాతి పది మీటర్లలో సగం నుంచి మూడోవంతుకు వస్తుంది, అంతే. కష్టమంతా ఒడ్డు పక్కనే, మనిషి లోతు రెండు మనుషుల లోతు నీళ్ళలోనే. నడిసముద్రం దయగలది, గడపే కర్కశం.

బాయిల్ తన నియమాన్ని 1662లో ప్రకటించాడు. దాని పక్క పేజీలో మనం చదువుకునే చార్లెస్ నియమం తాలూకు చార్లెస్‌గారు 1783 డిసెంబరు 1న పారిస్‌లో హైడ్రోజన్ బెలూనులో గాలిలోకి లేచారు. తోడు వచ్చిన వ్యక్తిని దింపేసి అదే సాయంత్రం ఒంటరిగా రెండోసారి లేస్తే, బరువు తగ్గిన బెలూను సుమారు 3000 మీటర్ల ఎత్తుకు ఎగబాకింది. ఆయనకు చెవిపోటు పట్టుకుంది. కిందికి దిగాక, ఆ మహానుభావుడు జన్మలో మళ్ళీ బెలూను ఎక్కలేదు. ఒకే పాఠంలోని ఇద్దరు శాస్త్రజ్ఞుల్లో ఒకరి నియమం రెండోవారి చెవి పట్టుకు లాగిందన్నమాట. ఇది ఫిజిక్సు వాళ్ళెవరూ మాకు చెప్పలేదు.

సరే, నా సంగతికి వస్తాను. సముద్ర జీవశాస్త్రం చదువుకునే మేము ఐదుగురం, మా సారుతో కలిసి 2024 ఫిబ్రవరిలో స్వరాజ్ దీవికి వెళ్ళాం. 2018 దాకా దాని పేరు హేవ్‌లాక్. అక్కడి పగడపు దిబ్బల మీద నీటి అడుగున కొలతల టేపు పరిచి, మీటరు చదరాల చట్రం పెట్టి, ఎంత పగడం బతికి ఉంది, ఎంత చచ్చింది లెక్క కట్టాలి. 2010 వేసవిలో నీళ్ళు వేడెక్కి అండమాన్ పగడాలు విస్తారంగా తెల్లబారి పోయాయి. ఆ దెబ్బనుంచి ఏది తేరుకుంది, ఏది తేరుకోలేదు అన్నది మా ప్రశ్న. పని ఎనిమిది మీటర్ల లోతులో. నాలుగు మునకలు సరిగా పూర్తిచేసి యోగ్యతాపత్రం సంపాదించినవాళ్ళే ఆ పనికి. సంపాదించలేనివాళ్ళు ఒడ్డున గొడుగు కింద కూచొని మిగతావాళ్ళు తెచ్చిన అంకెలు ఎక్కించుకోవాలి. నా ప్రాజెక్టు పేరులో 'పగడం' అన్న మాట ఉంది. గొడుగు అన్న మాట లేదు.

మాకు డైవింగ్ నేర్పినాయన పోర్ట్ బ్లెయిర్‌లోనే పుట్టి పెరిగినవాడు. ఆ ఊరికి 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురం అని పేరు మార్చారు. తాతల కాలంలో శ్రీకాకుళం వైపునుంచి వలస వెళ్ళిన కుటుంబం. అండమాన్‌లో అలాంటి మనవాళ్ళు బోలెడుమంది. మొదట హిందీలో మొదలుపెట్టి, మాలో మేము మాట్లాడుకునేది విని, చటుక్కున తెలుగులోకి దిగిపోయాడు. "ఏ ఊరమ్మా మీది? ఇజీనారం పక్కా? మరి సెప్పరేటి?" అని నవ్వాడు. అక్కడినుంచి పాఠమంతా మా ఇంటి భాషలోనే సాగింది. సముద్ర గర్భంలో పాటించవలసిన నియమాలు మా అమ్మమ్మ యాసలో వింటానని నేను కలలో కూడా అనుకోలేదు.

ఆయన మొదటి రోజు నడుము లోతు నీళ్ళలో అన్నీ నేర్పాడు. మాస్కులోకి నీళ్ళొస్తే ముక్కుతో ఊది వెళ్ళగొట్టడం, నోట్లోంచి జారిపోయిన రెగ్యులేటరును వెతికి పట్టుకోవడం, చేతి సైగలు. బొటనవేలు పైకెత్తితే మనకు 'భేష్' అని అర్థం. నీటికింద అది 'పైకి పోదాం' అని. భేష్ అనాలంటే బొటనవేలూ చూపుడువేలూ కలిపి సున్నా చుట్టాలి. అరచెయ్యి బోర్లించి అటూ ఇటూ ఊపితే ఏదో తేడాగా ఉందని. ఊపి, తరవాత వేలితో చెవి చూపిస్తే, చెవి రాలేదని. ఆయన మాట అదే. "సెవులు వచ్చేయా?" అనేవాడు, చుట్టాలెవరో రైల్లో వచ్చారా అని అడిగినట్టు.

రెండోరోజు పడవ లంగరు తాడు పట్టుకొని వరసగా దిగాం. పైన ఎండ. కింద నీలం. ఆ నీలంలో తాడు ఎక్కడికి పోతోందో కనిపించదు. మనిషి లోతుకు దిగేసరికి కుడిచెవి 'టిక్' మంది. ఎడమచెవి అనలేదు. ముక్కు పట్టుకొని మెల్లిగా ఊదాను. కుడిది మళ్ళీ టిక్. ఎడమది మౌనం. ఇంకో జానెడు దిగేసరికి ఎవరో చల్లటి పుల్లతో లోపలికి నొక్కుతున్నట్టు మొదలైంది. పంటిపోటులాగ లాగే నొప్పి కాదు, కుట్టే నొప్పి కాదు. గదిలో గోడ లోపలికి వంగుతున్నట్టు, ఆ గది నేనే అయినట్టు. చెయ్యి ఊపి చెవి చూపించాను. ఆయన వేలితో 'కాస్త పైకి' అన్నాడు. అరమీటరు లేచి మళ్ళీ ఊదాను. రాలేదు. మళ్ళీ లేచి, మళ్ళీ దిగి. రాలేదు. కింద మా వాళ్ళు నలుగురూ ఇసుక మీద మోకాళ్ళమీద కూచొని పైకి చూస్తున్నారు. వాళ్ళ బుడగలు నా పక్కనించే పైకి పోతున్నాయి. ఎనిమిది కళ్ళూ నామీదే ఉన్నాయి. ఆ నొప్పికన్నా ఆ చూపులు బరువు. నాలుగోసారికి గురువుగారు బొటనవేలు పైకెత్తాడు. పైకి వచ్చేశాం.

పడవలో కూచుంటే నాకు జరిగిన ఓదార్పు అంతా ఇంతా కాదు. "గట్టిగా ఊదు, ఒక్కసారి పట్టు విడిపోతే మరి చూసుకోనక్కర్లేదు" అని ఒకరు. "భయపడ్డావు, అందుకే" అని ఇంకొకరు. మాలో అందరికన్నా గొప్ప ఈతగాడు ఒకడున్నాడు, భీమిలి వాడు. అలల్లో పెరిగినవాడు. వాడైతే, "నాకూ రాలేదు, దమ్ము బిగించి ఒక్క ఊదు ఊదాను, ఠాప్ మని వచ్చింది" అని వీరగాథ చెప్పాడు. వింటున్న గురువుగారి మొహం మారిపోయింది. వాడివైపు తిరిగి, "బాబూ, ఇంకోపాలి అలాగ ఊదీసేవంటే సెవి పోద్ది. ఏటి తొందర? సముద్రం రేపు ఎండిపోద్దా?" అన్నాడు.

ఎందుకు పోతుందో సాయంత్రం చెప్పాడు. ఆ తరవాత పుస్తకాల్లో చదివి నేను సరిచూసుకున్నాను. బయటి ఒత్తిడికీ లోపలి ఒత్తిడికీ తేడా ఒక మీటరు నీళ్ళ పైచిలుకు దాటిందంటే ఆ నాళం తలుపు బిగుసుకుపోతుంది. మెత్తటి గోడలు రెండూ ఒకదానికొకటి అతుక్కుంటాయి. అప్పుడు ఎంత ఊదితే అంత బిగుస్తుంది. తోస్తే తెరుచుకునే తలుపు కాదది, మనవైపు తెరుచుకునే తలుపును అవతలికి తోయడం లాంటిది. బలవంతంగా ఊదినప్పుడు ఛాతీలో పుట్టిన ఒత్తిడి తలలోకీ, అక్కడినుంచి లోపలి చెవి ద్రవంలోకీ పాకుతుంది. లోపలి చెవికి వర్తుల గవాక్షం అని ఒక కిటికీ ఉంది. దానికి కట్టిన పొర చిరిగితే ద్రవం కారిపోతుంది. కర్ణభేరి చిల్లుపడితే చాలావరకు తనంతట తానే మానుతుంది. ఇది చిరిగితే వినికిడి శాశ్వతంగా పోనూవచ్చు. ఇక కర్ణభేరే నీళ్ళకింద పగిలిందనుకోండి, చల్లటి నీళ్ళు మధ్యచెవిలోకి దూరి, తల గిర్రున తిరిగిపోతుంది. పైకి ఏది, కిందికి ఏది తెలియదు. ఆ నీళ్ళు ఒంటి వేడికి వెచ్చబడే దాకా ఏదో ఒకటి గట్టిగా పట్టుకొని ఆగడమే గతి.

ఆగ్నేయాసియా సముద్రాలమీద పడవల్లో బతికే బజావ్ తెగవాళ్ళలో కొందరు ఈ పోరు పడలేక చిన్నతనంలోనే కావాలని కర్ణభేరి పగలగొట్టుకుంటారట. ఒక వారం నెత్తురూ, తలతిప్పుడూ. ఆ తరవాత జీవితాంతం నొప్పి లేకుండా మునగడం. ముసలితనానికి చాలామందికి వినిపించదు. వాళ్ళకు సముద్రమే అన్నం. నాకు అలాంటి బేరం లేదు.

బేరం అన్నాను గనక మా తాతయ్య మాట చెప్పాలి. ఆయన ఒక జనపనార మిల్లులో మగ్గాల దగ్గర ముప్ఫై ఏళ్ళు పనిచేశాడు. వంద మగ్గాలు ఒక్కసారి ఆడుతుంటే పక్కవాడు అరిచినా వినపడదు. సైగలతోనే మాట్లాడుకునేవారట. పెన్షను వచ్చేనాటికి చెవులు రెండూ ముప్పాతిక పోయాయి. ఇంట్లో ఏదైనా నవ్వులాటగా చెప్పుకుంటే ఆయన అందరి మొహాలూ చూసి, అందరూ నవ్వాక నవ్వేవాడు. మేము చిన్నపిల్లలం, అది మాకు సరదాగా ఉండేది. కాస్త పెద్దయ్యాక ఆయన ఎందుకు ఆలస్యంగా నవ్వుతాడో అర్థమైంది. ఆ పడవలో, "గట్టిగా ఊదు" అని మా వాళ్ళంటున్నంతసేపూ నా కళ్ళముందు ఆ ఆలస్యపు నవ్వే ఉంది. ప్రాజెక్టు పోతే ఇంకో ప్రాజెక్టు దొరుకుతుంది.

అయితే గొడుగు కిందికి పోవడానికి మనసొప్పలేదు. ఆ రాత్రి లాడ్జిలో అద్దం ముందు కసరత్తు మొదలుపెట్టాను. చెవి తెరవడానికి లోకంలో చాలా పద్ధతులున్నాయి, ప్రతిదానికీ ఒక పేరు. ముక్కు పట్టుకొని ఊదడం ఇటలీ వైద్యుడు వాల్సాల్వాది. 1704లో చెవి గురించి రాసిన గ్రంథంలో చెప్పాడు, అదీ డైవర్లకోసం కాదు, చెవిలో చీము బయటికి పోవడానికి! ఆ నాళానికి తన పూర్వీకుడు యూస్టేషి పేరు పెట్టినవాడూ ఆయనే. ముక్కు పట్టుకొని గుటక వేయడం ఇంగ్లీషు వైద్యుడు జోసెఫ్ టాయిన్‌బీది. చరిత్ర విద్యార్థులు ఉలిక్కిపడనక్కర్లేదు, చరిత్రకారుడు టాయిన్‌బీ ఈయన మనవడే. తాతగారు చెవిలో మోతకు మందు వెతుకుతూ క్లోరోఫారం, ప్రూసిక్ ఆమ్లం ఆవిర్లు తనమీద తానే ప్రయోగం చేసుకొని 1866లో కన్నుమూశారు. చెవికోసం ప్రాణమిచ్చినవాళ్ళు కూడా ఉన్నారు సుమండీ. మనం 'చెవి కోసుకుంటాను' అని ఊరికే అంటూంటాం.

మూడోది ఫ్రెంజెల్ అనే జర్మన్ వైద్యుడిది. రెండో ప్రపంచయుద్ధంలో నిటారుగా కిందికి దూకే బాంబరు విమానాల పైలట్లకు నేర్పారు. ఇందులో ఊపిరితిత్తులకు పని లేదు. గొంతు మూసి, ముక్కు పట్టుకొని, నాలుక మొదలుతో గాలిని వెనక్కి నెట్టాలి. మా గురువుగారికి ఫ్రెంజెల్ పేరు తెలుసో తెలియదో గాని విద్య తెలుసు. "ముక్కు మూసుకొని 'క్' అనమ్మా. క అనకు, 'క్' దగ్గర ఆగిపో. నాలుక ఎనక్కి గుద్దాల" అన్నాడు. కవర్గం కంఠ్యాలని వ్యాకరణంలో బట్టీపట్టాం. కంఠ్యానికి ఇంత ఉపయోగం ఉందని ఏ తెలుగు మాస్టారూ చెప్పలేదు! అద్దం ముందు ముక్కు పట్టుకొని 'క్, క్' అంటుంటే గదిలో స్నేహితురాలు దిండులో మొహం దాచుకొని నవ్వింది. రెండు వందల 'క్'లు అయ్యాక, పదకొండు గంటల వేళ, ఎడమ చెవిలో చాలా సన్నగా, పక్కగదిలో ఎవరో అగ్గిపుల్ల విరిచినట్టు 'టక్' మంది. దాని తరవాత ఎంతోసేపు నిద్ర పట్టలేదు.

మర్నాడు దిగేముందు ఆయన ఇంకో మూడు సంగతులు చెప్పాడు. నొప్పి పుట్టాక కాదు, పుట్టకముందే చెవి తెరవాలి, పడవ పక్కన నీటిమీద తేలుతుండగానే మొదలు. తల కిందులుగా ఈదుతూ కాదు, కాళ్ళు కిందికి పెట్టి నిలువునా దిగాలి. రాని చెవిని ఆకాశంవైపు ఎత్తాలి, మెడ కుడివైపు వాల్చి. ఇదంతా చెప్పి, "నిన్ను నేను దింపుతాను. ఆళ్ళు పోనీ" అన్నాడు.

తాడు పట్టుకొని, మెడ వాల్చి, ఫొటోకు మొగమాటపడుతున్న పెళ్ళికూతురిలా దిగాను. జానెడు దిగడం, 'క్'. జానెడు, 'క్'. రెండు మీటర్ల దగ్గర ఎడమది మొరాయించింది. కాస్త లేచి, దవడ అటూ ఇటూ కదిపి, గుటక వేసి, మళ్ళీ 'క్'. చాలాసేపటికి, నీళ్ళల్లో బుడగ చిట్లినట్టు, లోపల గాలి జారింది. గోడ మళ్ళీ గోడ అయింది. ఆ హాయి చెప్పడం కష్టం. జలుబు వారం పట్టి వదిలిన పొద్దున ముక్కులోంచి మొదటి గాలి పోతుంది చూడండి, దానికి పదిరెట్లు. మిగతావాళ్ళు రెండు నిమిషాల్లో దిగిన చోటికి నేను పదకొండు నిమిషాల్లో దిగాను. గురువుగారి గడియారం చెప్పిన లెక్క అది. నాలుగు మీటర్లు దాటాక చెవి మళ్ళీ పేచీ పెట్టలేదు, బాయిల్‌గారి దయ.

నీటికింద ఇసుక మీద మోకాళ్ళూని కూచున్నాక మొదట గమనించింది చేపల్ని కాదు, చప్పుడును. అన్నివైపులనుంచీ పటపట, కరకర. చిలుకచేపలు పగడాన్ని పళ్ళతో కొరుకుతున్న చప్పుడు. నీళ్ళలో శబ్దం సెకనుకు సుమారు 1500 మీటర్లు పోతుంది, గాలిలోకన్నా నాలుగు రెట్లు పైమాటే. అందువల్ల ఏ చెవికి ముందు చేరిందో మెదడు తేల్చుకోలేదు. చప్పుడు ఎటునుంచి వస్తోందో తెలియదు. తలలోపలే పుడుతున్నట్టుంటుంది.

భీమిలివాడి సంగతి చెప్పకపోతే అన్యాయం. మూడోరోజు పైకి వచ్చి మాస్కు తీస్తే లోపల నెత్తుటి చుక్క. చెవి దూదిపెట్టి కూరినట్టుంది, తన గొంతు తనకే గోలెంలో మాట్లాడినట్టు వినిపిస్తోందన్నాడు. గురువుగారు మరి దిగనివ్వలేదు. విశాఖపట్నం వచ్చాక చెవి డాక్టరు చూసి, కర్ణభేరి వెనక నెత్తురు పట్టిందని చెప్పి, ఆరువారాలు నీళ్ళవైపు వెళ్ళొద్దన్నారు. అదృష్టవశాత్తు పూర్తిగా నయమైంది. కాని ఆ పది రోజులూ గొడుగు కింద కూచొని అంకెలు ఎక్కించినవాడు మాలో అందరికన్నా గొప్ప ఈతగాడు. చాలా శ్రద్ధగా ఎక్కించాడు, ఒక్క అంకె తప్పలేదు. సాయంత్రాలు మాత్రం మాతో పెద్దగా మాట్లాడేవాడు కాదు. నాకు వాడిమీద కోపమూ రాలేదు, జాలీ పడలేదు. మా ఊళ్ళలో మగపిల్లాడికి చిన్నప్పటినుంచీ దమ్ము బిగించమనే చెబుతారు. చెయ్యి ఊపి 'నాకు రాలేదు' అని నలుగురిముందు సైగ చెయ్యమని ఎవరు చెప్పారు గనక?

నా చెవిని కూడా అదే డాక్టరుకు చూపించాను. ముక్కుదూలం ఎడమవైపుకు కాస్త వంగి ఉందిట, ఆ పక్క నాళం అందుకే బద్ధకిస్తుందిట. ఆపరేషను అవసరం లేదు గాని జలుబు ఉన్నప్పుడు దిగొద్దన్నారు. ముక్కు దిబ్బడ విడిచే మాత్ర వేసుకొని దిగితే? అని అడిగాను. ఆయన తల అడ్డంగా ఊపారు. దిగేటప్పుడు మాత్ర తలుపు తీస్తుంది, అడుగున ఉండగా దాని పని అయిపోతే పైకి వచ్చేటప్పుడు లోపల వ్యాకోచించే గాలికి దారి ఉండదు. అప్పుడు నొప్పి పెట్టినా కిందే ఉండిపోవడానికి వీల్లేదు, సిలిండరులో గాలి అయిపోతుంది కదా.

2025 జనవరిలో రెండోవిడత కొలతలకు వెళ్ళినప్పుడు మా సారు వేసిన పట్టికలో నా పేరు ఎదురుగా 'దిగుడు: 10 నిమిషాలు' అని రాసి ఉంది. మిగతావాళ్ళకు మూడు. ఎవరూ నవ్వలేదు, నేనూ ఏమీ అనలేదు. నా వంతు చివర. ఆ పది నిమిషాలూ తాడు పట్టుకొని ఒంటరిగా, నీలంలో, 'క్' అనుకుంటూ. ఈసారి ఒకనాడు ఎడమది అసలు రాలేదు. సైగ చేసి పైకి వచ్చేశాను, ఆ రోజు గొడుగు నాదే.

సంక్రాంతి పోయాక ఇంటికి వెళ్ళినప్పుడు తాతయ్య అడిగాడు, అడుగున ఏముందని. ఆయన కుడిచెవి దగ్గర నోరు పెట్టి, చిలుకచేపలు పగడం కొరికే చప్పుడు గురించి రెండుసార్లు చెప్పాను. అందలేదు. వంటింట్లోకి వెళ్ళి పటికబెల్లం ముక్క ఒకటి తెచ్చి చేతిలో పెట్టి, కొరకమని సైగ చేశాను. ఆయన ఉన్న పళ్ళవైపు సర్దుకొని పటుక్కున కొరికి, నములుతూ, కళ్ళు చిట్లించి కాసేపు విన్నాడు.

"ఇదేటి?" అన్నాడు.

ఇదే, అని తల ఊపాను.